డిసెంబర్ తర్వాత పలకని యుఫోనియం: ఒక చర్చి బ్యాండ్ సోలోయిస్టు కేస్ స్టడీ

జనవరి రెండో వారంలో ఆయన మొదటిసారి నా దగ్గరికి వచ్చారు. పెట్టె తెరిచి యుఫోనియం (చిన్న ట్యూబా లాంటి ఇత్తడి ఊదుడు వాద్యం) ఒళ్లో పెట్టుకున్నారు గానీ మౌత్‌పీస్, అంటే పెదవులకు ఆనించి ఊదే కప్పు, మాత్రం చేతిలోనే ఉంచుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. "ఊదితే గాలి వస్తోంది, స్వరం రావట్లేదు" అన్నారు. ఏదైనా ఒక్క స్వరం వాయించమన్నాను. మధ్య స్థాయిలో, నలభై ఏళ్లుగా కళ్లు మూసుకుని వాయించే స్వరమే. ముందు ఉత్త గాలి 'ఫ్‌ఫ్' అని పోయింది, తర్వాత ఉలిక్కిపడ్డట్టు స్వరం లేచింది. అదే స్వరం మెల్లగా పది సార్లు మొదలుపెట్టమని లెక్కపెట్టాను. నాలుగు సార్లే శుభ్రంగా పలికింది. పై పెదవి మీద మౌత్‌పీస్ అంచు ఎర్రగా, సగం చందమామలా అచ్చు పడి ఉంది, ఆ రోజు అప్పటిదాకా ఆయన వాద్యం ముట్టుకోలేదు, అది ముందు రోజుది.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, బ్యాండ్ పేరు చెప్పను. వయసు 52, ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక బస్సు డిపోలో మెకానిక్. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంఘం (మా బాపట్ల, స్టూవర్టుపురం వైపు పెద్దవాళ్లు రక్షణ సైన్యం అంటారు) స్థానిక బ్యాండ్‌లో సోలో యుఫోనియం. పన్నెండేళ్ల వయసులో పిల్లల బ్యాండ్‌లో చేరి అప్పటి నుంచీ వాయిస్తూనే ఉన్నారు. ఒక్క పైసా తీసుకోలేదు, ఎవరూ తీసుకోరు, ఈ బ్యాండ్లలో వాయించడం సేవ. నేను ఇక్కడ ఇత్తడి వాద్యాలు నేర్పే టీచర్ని, డాక్టర్ని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఇలాంటి అమెచ్యూర్లే, పగలంతా వేరే ఉద్యోగం, సాయంత్రం రిహార్సల్, ఆదివారం ఆరాధన.

ఈ సేవ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేను ఈ కేసులో మొదట చేసిన తప్పు దాన్ని పట్టించుకోకపోవడమే. విలియం బూత్ 1865లో లండన్ ఈస్ట్ ఎండ్‌లో మొదలుపెట్టిన మిషన్‌కి 1878లో సాల్వేషన్ ఆర్మీ అని పేరు మారింది. అదే ఏడాది సాల్స్‌బరీ అనే ఊళ్లో వీధిలో ప్రసంగించేవాళ్ల మీద అల్లరిమూకలు పడుతుంటే చార్లెస్ ఫ్రై అనే ఇళ్లు కట్టే మేస్త్రీ, తన ముగ్గురు కొడుకులతో కలిసి వాళ్లకు అండగా వెళ్లాడు. వెళ్తూ ఇంట్లో ఉన్న ఇత్తడి వాద్యాలు కూడా పట్టుకెళ్లారు. జనం పోగవడానికి, పాటకు శృతి అందడానికి అవి పనికొచ్చాయి. నలుగురూ విద్వాంసులేం కాదు, ఒక కుటుంబం. మరుసటి ఏడాది, 1879లో, కాన్సెట్ అనే ఇనుప కార్ఖానాల ఊళ్లో మొదటి స్థానిక సంఘం బ్యాండ్ పుట్టింది. 1882లో ఈ సంఘం మన దేశానికి వచ్చింది. 1891లో లండన్‌లో ఏర్పడిన ఇంటర్నేషనల్ స్టాఫ్ బ్యాండ్ ఈ సంఘం బ్యాండ్లలో అన్నిటికన్నా పేరున్నది, దాంట్లో వాయించేవాళ్లూ జీతం లేనివాళ్లే. ఆ బ్యాండ్‌లో దశాబ్దాల పాటు యుఫోనియం సోలోలు వాయించిన డెరిక్ కేన్ రికార్డింగులు మా మెకానిక్ గారు కుర్రతనంలో అరిగేదాకా విన్నారట.

అంటే పుట్టుకలోనే ఈ బ్యాండ్‌కి 'అవసరం ఉన్నచోట నిలబడాలి' అన్న అలవాటు ఉంది. అది చాలా గొప్ప అలవాటు, నేను దాన్ని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ అలా నిలబడ్డవాడు ఎంతసేపు ఊదాడో ఎవరూ లెక్కపెట్టరు, వాడూ లెక్కపెట్టుకోడు.

మొదట ఏం చూశాను

పెదవి మొద్దుబారుతోంది అని ఎవరైనా అంటే నేను పాఠం మొదలుపెట్టను. ముందు డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. పెదవి చుట్టూ ఉండే కండరం చినిగే అవకాశం ఉంది (ట్రంపెట్ వాళ్లలో దీన్ని జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీద సాచ్‌మో సిండ్రోమ్ అంటారు), నరం దెబ్బతినే అవకాశం ఉంది, డిస్టోనియా అని మెదడు నుంచి కండరానికి వెళ్లే ఆజ్ఞే తప్పుదారి పట్టే జబ్బు ఇంకొకటి ఉంది. ఇవి టీచర్ తేల్చే విషయాలు కావు. డాక్టర్ చూసి నరం బాగానే ఉంది, చినుగు లేదు, కండరం విపరీతంగా అలిసిపోయింది అని చెప్పారు. దంతవైద్యులు కింది ముందు పన్ను అంచు కాస్త గరుకుగా ఉంటే నున్నగా చేశారు.

నా గదిలో గమనించినవి: ఎడమ మూల నుంచి గాలి తప్పుకుంటోంది, కానీ మొదటి స్వరం నుంచీ కాదు, పది నిమిషాల తర్వాత. తార స్థాయికి వెళ్లేకొద్దీ మౌత్‌పీస్‌ని పెదవికేసి నొక్కుతున్నారు. నవంబర్‌లో ఆన్‌లైన్లో ఒక చిన్న కప్పు మౌత్‌పీస్ కొన్నారట, పై స్వరాలు తేలికగా వస్తాయని ఎవరో చెబితే. అలిసిన పెదవి ఉన్నవాళ్లు చాలామంది చేసే పనే ఇది. నాలుగు రోజులు తేలిగ్గా అనిపిస్తుంది, తర్వాత స్వరం సన్నబడుతుంది, పెదవి కదలడానికి చోటు చాలక ఇంకా నొక్కుతారు. పాత మౌత్‌పీస్ వెనక్కి పెట్టించాను. అంతవరకు బాగానే చేశాను.

ఇంకో విషయం టెన్షన్. ఈస్టర్ ముందు ఆదివారం కచేరీలో ఆయన సోలో ఉంది. కీర్తన రాగాన్ని తీసుకుని దాని మీద అల్లే వరసలు, ఆఖర్న తాళం ఆగి ఒంటరిగా వాయించే చోటు, తర్వాత పరుగున ముగింపు. వాయించలేకపోతే ఏమవుతుంది అని అడిగాను. "ఏమీ కాదు. ఎవరూ ఏమీ అనరు. అదే భయం" అన్నారు.

నేను రెండు వారాలు పూర్తిగా వాద్యం పక్కన పెట్టమన్నాను. పుస్తకం ప్రకారం సరైన సలహా. పది రోజులకు తిరిగొచ్చారు, పెదవి మీద అదే అచ్చు. "ఆదివారాలు తప్ప వాయించలేదు" అన్నారు. ఆ తర్వాత గురువారం రిహార్సల్ కూడా వెళ్లానని ఒప్పుకున్నారు. నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. చెప్పింది చేయకపోతే నేనేం చేయగలను అనుకున్నాను. ఎందుకు వెళ్లారు అని అడిగితే ఆయన చెప్పిన మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "నేను వాయించకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. అందరూ ఊదుతుంటే మధ్యలో చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు."

బ్యాండ్‌ని చూడటానికి వెళ్లాను

ఐదో వారంలో గానీ నాకు ఆ బుద్ధి పుట్టలేదు, మొదటి వారంలోనే వెళ్లి ఉండాల్సింది. ఒక ఆదివారం ఉదయం ఆరాధనలో వెనక వరుసలో కూర్చుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఆయన పెదవికి మౌత్‌పీస్ తగిలి ఉన్న సమయం మాత్రమే కొలిచాను. డెబ్బై ఐదు నిమిషాల ఆరాధనలో 31 నిమిషాలు. వినడానికి తక్కువే అనిపిస్తుంది. కానీ ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయించేవాడికి పేజీలకు పేజీలు విరామం ఉంటుంది, బ్రాస్ బ్యాండ్ కచేరీలో కూడా వరసలు చేతులు మారుతుంటాయి. కీర్తనలో విరామం ఉండదు. నాలుగు చరణాలుంటే నాలుగు చరణాలూ అందరూ వాయిస్తారు, ఊపిరి తీసుకునేంత సందు తప్ప పెదవి లేచే చోటే లేదు. రక్తం మళ్లీ పెదవిలోకి రావాలంటే మౌత్‌పీస్ కాసేపైనా లేవాలి. అక్కడ అలా లేవట్లేదు.

పైగా పూర్తి బ్రాస్ బ్యాండ్ అంటే 25 మందికి పైనే ఉంటారు, ఆ రోజు అక్కడ పదిహేను మంది. రెండో యుఫోనియం కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. ఒక హార్న్ రాకపోతే బ్యాండ్ మాస్టర్ కనుసైగతో ఆ చిన్న ముక్క ఈయన అందుకుంటున్నారు. ట్రాంబోన్ నీరసపడితే ఆ వరసకూ ఈయనే బలం. యుఫోనియం అనేది అలాంటి వాద్యం, పాటలో గొంతూ అదే, ఇంటికి దూలమూ అదే, ఎక్కడ లోటు పడ్డా అక్కడ సరిపోతుంది. మనిషి కూడా అలాంటివాడే కావడంతో అంతా ఆయన మీదకే చేరింది, ఎవరూ కావాలని మోపలేదు.

ఆరాధన తర్వాత టీ తాగుతూ డిసెంబర్ లెక్క అడిగాను. బ్యాండ్ మాస్టర్ డైరీ తెచ్చారు, ముగ్గురం కూర్చుని కూడాం. డిసెంబర్ 1 నుంచి 24 వరకు బజారు వీధుల్లో, సూపర్ మార్కెట్ గుమ్మాల్లో, వృద్ధాశ్రమాల్లో క్రిస్మస్ పాటలు వాయించడానికి 17 సార్లు వెళ్లారు, ఒక్కోటీ దాదాపు రెండు గంటలు. మొత్తం 34 గంటలు. నవంబర్‌లో ఆయన వాయించింది అంతా కలిపి వారానికి నాలుగు గంటలు. డిసెంబర్‌లో రిహార్సలూ ఆదివారాలూ కలిపితే వారానికి పదమూడు, పద్నాలుగు. మూడింతలకు పైగా, ఒక్కసారిగా, ఏ సన్నాహం లేకుండా. డైరీలో ఆ అంకె కింద బ్యాండ్ మాస్టర్ గీత గీసి, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ 34 గంటల్లో చాలా భాగం చలిలో. వాద్యంలో గాలి ఒక్కో డిగ్రీ చల్లబడితే శృతి దాదాపు 3 సెంట్లు దిగుతుంది (పక్కపక్క స్వరాల మధ్య ఉండే అర మెట్టుకు వంద సెంట్లు). మన ఊపిరి లోపల కొంత వెచ్చబరుస్తుంది కాబట్టి పూర్తిగా అంత పడిపోదు. కానీ ట్రంపెట్ లాంటి చిన్న వాద్యం కార్నెట్ త్వరగా వెచ్చబడుతుంది, తొమ్మిది అడుగుల గొట్టం చుట్టుకుని ఉన్న యుఫోనియం అంత తొందరగా వెచ్చబడదు, అందుకని ఆ ఇద్దరికీ శృతి కలవదు. ట్యూనింగ్ స్లైడ్ (శృతి సరిచేసే జారుడు గొట్టం) మొత్తం లోపలికి నెట్టినా చాలనప్పుడు వాయించేవాడు తెలియకుండానే పెదవి బిగించి స్వరాన్ని పైకి లాగుతాడు. రెండు గంటలు లాగుతూనే ఉంటాడు. దానికి తోడు నాలుగున్నర కిలోలకు అటూ ఇటూ బరువున్న వాద్యం నిలబడి పట్టుకోవాలి, ఎడమ చెయ్యి బరువు మోస్తూనే పక్కనున్న నాలుగో వాల్వ్ (స్వరం మార్చే మీట) నొక్కాలి. గంట దాటాక ఆ చెయ్యి దిగుతుంది, చెయ్యి దిగితే మౌత్‌పీస్ కోణం మారి బరువంతా పై పెదవి మీద పడుతుంది. ఆ సగం చందమామ అచ్చు అలా పడింది.

అంటే నేను ఐదు వారాలుగా పెదవికి వైద్యం చేస్తున్నాను, జబ్బేమో డైరీలో ఉంది.

ఏం మార్చాం

సాధన వైపు చేసింది చెప్పడానికి పెద్దగా లేదు. రోజుకు ఐదు నిమిషాల చొప్పున నాలుగు సార్లు, మధ్యలో కనీసం అంతే విరామం. మధ్య స్థాయిలో మెల్లని దీర్ఘ స్వరాలు, అక్కడి నుంచి మంద్రంలోకి దిగడం. పైకి ఎక్కడం మూడు వారాల తర్వాతే. వాద్యాన్ని ఎడమ అరచేతిలో ఊరికే ఆనించి, లాక్కునే వీలు లేకుండా వాయించడం. మెకానిక్ కాబట్టి ఆయనకు ఇంత సమయం ఇంత పని అన్న లెక్క ఇట్టే ఎక్కింది, డిపోలో బండి గంటల కార్డు లాంటిది ఒకటి తయారు చేసుకుని ప్రతి నిమిషం రాశారు.

కష్టమైంది ఆదివారం. విశ్రాంతి తీసుకోండి అంటే వినరు, అది నాకు తెలిసిపోయింది. ఇక్కడ ఆ సంప్రదాయంలోనే ఉన్న ఒక మంచి సంగతి పనికొచ్చింది. సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్లలో రాగం కన్నా ముందు మాటలు ముఖ్యం. సోలో వాయించేవాడు ఆ కీర్తన మాటలు మనసులో పాడుకుంటూ వాయించాలని చిన్నప్పుడే చెబుతారు, వినేవాళ్లూ రాగం వినగానే ఆ మాటలు తలుచుకుంటారు. అందుకని ఆయనతో ఇలా అన్నాను: "రెండో చరణం మీరు వాయించొద్దు. వాద్యం ఒళ్లో పెట్టుకుని పాడండి. గట్టిగా పాడండి. వెనక వరుస దాకా వినపడాలి."

ఆయన నా వైపు చూసి నవ్వారు. నా దగ్గరికి రావడం మొదలుపెట్టాక ఆయన నవ్వడం చూడటం అదే మొదలు. చేతులు కట్టుకుని కూర్చోవడం చేతకానివాడికి పాడటం చేతవుతుంది. ఆ వారం నుంచి ఏ కీర్తనలోనూ రెండో చరణం ఆయన ఊదలేదు.

బ్యాండ్ మాస్టర్‌తో కూర్చుని మిగతాది సర్దాం. కీర్తనల పుస్తకంలో నాలుగు గొంతుల అమరిక ఉంటుంది కాబట్టి అందరూ ఎప్పుడూ వాయించాల్సిన పనే లేదు, నలుగురుంటే ఒక చరణం నిండుగానే వినిపిస్తుంది. ఒక చరణం కార్నెట్లూ హార్న్లూ, ఒక చరణం ట్రాంబోన్లూ బేస్‌లూ, ఆఖరి చరణం అందరూ. వినేవాళ్లకు ఇంకా బాగుంది, ఒకే గోడలా కాకుండా పాటలో వెలుగూ నీడా వచ్చాయి. రెండో యుఫోనియం కుర్చీలోకి బారిటోన్ (యుఫోనియం లాంటిదే, గొట్టం కాస్త సన్నం) వాయించే పదిహేడేళ్ల అమ్మాయిని తెచ్చారు. ఈ బ్యాండ్లలో బేస్ ట్రాంబోన్ తప్ప దాదాపు అన్ని వాద్యాలకూ ఒకే రకం లిపిలో రాస్తారు, వేళ్ల వాడకం ఒక్కటే, అందుకని ఒకరు ఇంకొకరి వాద్యానికి మారడం తేలిక. మనుషులు తక్కువ ఉన్న సంఘాలకు ఇది ఎంత పెద్ద మేలో చెప్పలేను. ఆ అమ్మాయి మొదటి వారం భయపడింది, ఆరో వారానికి హార్న్ ముక్కలు ఈయన కన్నా ముందే అందుకుంటోంది.

రెండు నెలల తర్వాత మళ్లీ స్టాప్‌వాచ్‌తో వెళ్లాను. 31 నిమిషాలు కాస్తా 19 అయ్యాయి. నా గదిలో పది సార్ల పరీక్షలో మార్చి నాటికి ఎనిమిది, జూన్ నాటికి ఒకసారి తొమ్మిది, ఒకసారి పది.

ఈస్టర్ సోలో మాత్రం అనుకున్నది వాయించలేదు. ఆయనే వద్దన్నారు, అది చెప్పడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. బదులుగా ఒక నెమ్మదైన కీర్తన, మూడు చరణాలు, మొదటిదీ మూడోదీ ఈయన, మధ్యది ఆ అమ్మాయి. నేను వెళ్లాను. మూడో చరణం మొదటి స్వరానికి ముందు ఆయన పూర్తిగా ఒక ఊపిరి తీసుకుని, తొందరపడకుండా, మౌత్‌పీస్ పెదవికి ఆనించారు. గాలి చప్పుడు లేదు. స్వరం నెయ్యి కరిగినట్టు వచ్చింది. పక్కన కూర్చున్న ముసలావిడ పెదాలు కదుపుతూ మాటలు పాడుకుంటున్నారు.

అన్నీ తిరిగి రాలేదు. ఉదయం, సాయంత్రం రెండు ఆరాధనలున్న రోజు చివర్లో తార స్థాయి చివరి రెండు స్వరాలు ఇప్పటికీ నమ్మకంగా రావు. వరసల సోలో ఆ తర్వాతి అక్టోబర్‌లో వాయించారు, పరుగు వరసలు శుభ్రంగా, ఒంటరిగా వాయించే చోట పై స్వరాన్ని ఒకటి కిందికి మార్చుకుని. అది మార్చింది నేనే, ఇప్పటికీ సరైన పనే అనుకుంటున్నాను.

ఈ కేసు ఇంత వివరంగా తెలుగులో రాయడానికి కారణం ఉంది. మన పెళ్లి బ్యాండ్లలో యుఫోనియం, ట్రంపెట్ వాయించేవాళ్లకు మాఘమాసం ముహూర్తాలు ఈయన డిసెంబర్ లాంటివే, నెల మొత్తం ఖాళీ, తర్వాత ఒక్క వారంలో ఊరేగింపు మీద ఊరేగింపు, అర్ధరాత్రి మంచులో. మన చర్చిల్లో క్రిస్మస్ వారం గాయక బృందాల గొంతులూ అంతే. ఎవరైనా పెదవి పలకట్లేదనో గొంతు లేవట్లేదనో మీ దగ్గరికి వస్తే, వాద్యం చూడకముందే డైరీ అడగండి, తర్వాత వెళ్లి వాళ్లు వాయించే చోట ఒక పూట కూర్చోండి. నాకు ఐదు వారాలు వృథా అయ్యాయి, ఆయన పెదవి మీద మరో ఐదు వారాల అచ్చు పడింది.

మరుసటి డిసెంబర్‌కి బ్యాండ్ మాస్టర్ నవంబర్‌లోనే జాబితా గోడకు అంటించారు. మొత్తం 17 సార్లే, ఈయన వంతు 9, మిగతా ఎనిమిదికి ఆ అమ్మాయి. అక్టోబర్ మధ్య నుంచి వారానికి కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చాం. ఒక శనివారం సాయంత్రం బజారుకెళ్తే సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర వీళ్లు కనిపించారు. సన్నగా మంచు పడుతోంది. రెండో చరణం వచ్చింది. ఆయన యుఫోనియం కిందికి దించి, మౌత్‌పీస్ తీసి, చల్లబడకుండా కోటు లోపలి జేబులో పెట్టుకుని, వేళ్లు తెగిన చేతితొడుగులు రుద్దుకుంటూ గొంతెత్తి పాడారు.